పక్కవాడితో మాట్లాడనివ్వండి

(కోనసీమలో ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్లు, ప్రాథమిక పాఠశాల టీచర్లు, తల్లిదండ్రులు కూర్చున్న సమావేశంలో ఒక రిటైర్డ్ టీచరు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసుకున్నది.)

నమస్కారమండీ. మైకు కాస్త పక్కన పెట్టేస్తాను, 33 ఏళ్ళు మైకు లేకుండా అరిచి అరిచి తయారైన గొంతు, ఈ హాలుకి సరిపోతుంది. వెనక నిలబడ్డ అమ్మలు ముందుకొచ్చి కూర్చోండి. చంటిపిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, వాళ్ళ గురించే కదా మనం వచ్చింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజుకి ఎన్నిసార్లు "మాట్లాడకండ్రా" అనేదాన్నో నాకే లెక్క లేదు. నేను బయటికెళ్తే మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం క్లాస్ లీడర్ డ్యూటీ. పేరు పక్కన ఒక ఇంటూ, మళ్ళీ మాట్లాడితే ఇంకో ఇంటూ, మూడు ఇంటూలు పడితే గోడకుర్చీ. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది ఆ బోర్డెక్కినవాళ్ళే అయ్యుంటారు. (నవ్వులు) ఆ పిల్లల్లో ఎంతమంది లెక్క గురించే మాట్లాడుకుంటున్నారో నేను ఒక్కరోజు కూడా అడగలేదు, అదే ఇప్పుడు బాధ.

పోయిన వేసవిలో మా ఇంట్లో జరిగింది చెప్తాను. కొబ్బరి దింపు వాళ్ళొచ్చారు, నాలుగు బొండాలు కొట్టించాం. మా మనవడికీ పక్కింటి పాపకీ, ఇద్దరికీ ఆరేళ్ళు నిండలేదు, ఒకేలాంటి రెండు స్టీలు గ్లాసుల్లో సమానంగా పోసిచ్చాను. వాళ్ళే గ్లాసులు పక్కపక్కన పెట్టి, కిందకి వంగి, సమానం అని ఒప్పుకున్నారు. ఆ పిల్లకి స్పూనుతో తాగాలనిపించి, తన నీళ్ళు పాయసం గిన్నెలో పోసుకుంది. అంతే, మొదలైంది. వీడేమో "నావే ఎక్కువ, చూడు ఎంత పైకున్నాయో" అంటాడు, అదేమో "నావే ఎక్కువ, గిన్నె ఎంత పెద్దదో చూడు" అంటుంది. గమనించండి, ఇద్దరూ తప్పే. ఒకరు ఎత్తు చూస్తున్నారు, ఇంకొకరు వెడల్పు చూస్తున్నారు. నా నాలుక చివరిదాకా వచ్చింది, "రెండూ ఒకటే, నోరు మూసుకుని తాగండి" అనేద్దామని. ఎలాగో ఆపుకున్నాను. ఆ పిల్ల కాసేపు చూసి, ఉండు అని, గిన్నెలో నీళ్ళు మళ్ళీ గ్లాసులో పోసింది. సమానం. మళ్ళీ గిన్నెలో పోసింది. మళ్ళీ గ్లాసులో. సగం నీళ్ళు అరుగు మీదే పోయాయి లెండి, అది వేరే విషయం. వాడు అలా చూస్తూ చూస్తూ, "గిన్నె వెడల్పుగా ఉంది కదా, అందుకే నీళ్ళు కిందకెళ్ళిపోయాయి" అన్నాడు. అంతకుముందు వాడి కంటికి వెడల్పు అనేదే లేదండీ. దాన్ని చూపించింది నేను కాదు, ఆ పిల్ల చేసిన తప్పు.

ఈ ఎత్తూ వెడల్పూ గొడవని మొదట పట్టుకున్నాయన జాన్ పియాజే, స్విట్జర్లాండ్ ఆయన, 1896లో పుట్టారు. బీయిడీ, టీటీసీ చేసినవాళ్ళందరూ పరీక్ష కోసం ఆయన పేరు బట్టీ పట్టే ఉంటారు, దశలు నాలుగు, మార్కులు ఎనిమిది. ఆ బట్టీలో మనకి జారిపోయిన ముక్క ఒకటుంది. పియాజే పిల్లల దగ్గర కూర్చుని గోళీలాట నియమాలు నాకు నేర్పండర్రా అని అడిగి, వాళ్ళు చెప్పేది రాసుకున్న మనిషి. ఆయనకి అర్థమైందేమిటంటే, పెద్దవాళ్ళు చెప్తే పిల్లాడు ఒప్పేసుకుంటాడు. అర్థమైందా లేదా అనేది తర్వాత, ముందు తల ఊపేస్తాడు, ఎందుకంటే మీరు అమ్మ, మీరు టీచరు, మీ చేతిలో బెత్తం లేకపోయినా వాడికి కనబడుతూనే ఉంటుంది. అదే తోటి పిల్లాడు చెప్తే? "నువ్వెవడివోయ్ నాకు చెప్పడానికి" అంటాడు. అప్పుడు ఆ చెప్పేవాడు ఎందుకో చెప్పాలి, రుజువు చూపించాలి, వీడు కూడా తన మాట నిలబెట్టుకోవడానికి ఏదో ఒకటి వెతుక్కోవాలి. బుర్ర కదిలేది అక్కడే.

తర్వాత 1970ల్లో జెనీవాలోనే విల్లెం దువాజ్, గాబ్రియేల్ ముగ్నీ అని ఇద్దరు, వాళ్ళతోపాటు ఇంకొందరు దీన్ని పరీక్షలు పెట్టి చూశారు. ఒంటరిగా చేయలేని పనిని ఇద్దరు పిల్లలు కలిసి చేయడం, ఆ తర్వాత విడివిడిగా కూర్చోబెడితే కూడా ముందుకంటే మెరుగ్గా చేయడం చూశారు. అమెరికాలో ఏమ్స్, మర్రే అనేవాళ్ళు 1982లో ఇంకో మెట్టెక్కారు. అచ్చం మా అరుగు మీద జరిగినట్టే, ఇద్దరికీ సరైన సమాధానం తెలియదు, కానీ ఇద్దరి తప్పులూ వేరువేరు, అలాంటి జంటల్ని కూర్చోబెట్టి ఒక మాటకి రండి అన్నారు. ఆ పిల్లల్లో కూడా ముందడుగు కనిపించింది. అంటే పక్కవాడు తెలివైనవాడే అయ్యుండక్కర్లేదు, వేరేగా చూసేవాడైతే చాలు.

అయితే మా మనవడు ఆ పూటతో మేధావి అయిపోయాడనుకోకండి. నాలుగు రోజుల తర్వాత మజ్జిగ రెండు రకాల గ్లాసుల్లో పోస్తే "గ్లాసు మారింది మామ్మా, మజ్జిగ మారలేదు" అని నాకే పాఠం చెప్పాడు. అదే చపాతీ పిండి ముద్దని అప్పడంలా నొక్కి, బరువు తగ్గిందా పెరిగిందా అంటే, తగ్గిపోయింది అన్నాడు. బరువు సంగతి తొమ్మిదేళ్ళు అటూ ఇటూగా గానీ కుదరదు. ఒకచోట తెలిసింది ఇంకోచోటికి దానంతటదే నడిచి రాదు.

ఇంకో ఆయన ఉన్నారు, లెవ్ వైగాట్స్కీ, రష్యన్ ఆయన. చిత్రం, ఈయనా 1896లోనే పుట్టారు, కానీ క్షయ వచ్చి 1934లో, 38 కూడా నిండకుండానే పోయారు. పియాజే 1980 దాకా ఉన్నారు. వైగాట్స్కీ మాటని మన భాషలో చెప్పాలంటే, పిల్లాడి బుర్రలో ఏ ఆలోచనైనా ముందు ఇద్దరి మధ్య మాటగా ఉంటుంది, తర్వాతే వాడి లోపలికెళ్తుంది. ఒక్కడే కూర్చుని బొమ్మ ముక్కలు అతుకుతూ "ఇది ఇక్కడ కాదు, తిప్పు తిప్పు, ఆఁ అక్కడ" అని గొణుక్కుంటాడు చూడండి, అది ఎవరి గొంతు? నిన్న వాళ్ళక్క వాడితో అన్న మాటే. వాడు పిచ్చిగా మాట్లాడుకోవడం లేదు, అక్కని లోపలికి తెచ్చుకుంటున్నాడు. అందుకని అలా గొణుక్కునే పిల్లల్ని ఆపకండి.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. గ్రూపు వర్కు అనే మాట బడుల్లోకి వచ్చిన కొత్తలో నేను మహా ఉత్సాహంగా ఆరుగురేసి చొప్పున గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కో గ్రూపుకి బాగా చదివేవాణ్ణి లీడరు చేశాను. తనిఖీకొచ్చినవాళ్ళు భేష్ అన్నారు, ఫొటో తీసుకున్నారు. ఒకరోజు 42లోంచి 17 తీసేయమన్నాను. ఒక గ్రూపు పలకలు చూస్తే ఆరింటి మీదా 35. నాలుగులోంచి ఒకటి పోతే మూడు, ఏడులోంచి రెండు పోతే అయిదు, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశాడు లీడరు, మిగతా అయిదుగురూ చూసి దించేశారు. ఒక్కడు కూడా "ఏడులోంచి రెండెందుకు తీస్తున్నావ్, రెండులోంచి కదా ఏడు తీయాలి" అనలేదు. అందులో ఒక పిల్ల అంతకుముందు రోజు ఆ రకం లెక్క సరిగ్గా చేసిన పిల్లే! ఏమ్మా, నీకు తెలుసు కదా అంటే, "లీడరు చెప్పాడండి" అంది. నేను చేసిందల్లా ఒక టీచరు బదులు గ్రూపుకొక చిన్న టీచర్ని తయారు చేయడమే.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. జొనాథన్ టడ్జ్ అనే ఆయన 1992లో అచ్చు వేసిన అధ్యయనం ఉంది, అయిదేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలతో. తూకం కర్రకి అటూ ఇటూ బరువులు పెట్టి, ఎటు వాలుతుందో ముందే చెప్పమంటారు. జంటలుగా కూర్చున్నాక కొంతమంది పిల్లలు మెరుగయ్యారు, కానీ కొంతమంది ఉన్నదానికంటే వెనక్కి పోయారు. ఎందుకంటే పక్కవాడు తప్పుని గట్టిగా నమ్మకంగా చెప్తే, సరైనది తెలిసినవాడు కూడా జారిపోతాడు. అయితే ఆయనే ఇంకొందరితో చేసిన వేరే అధ్యయనంలో, తూకం కర్ర నిజంగా ఎటు వాలిందో వాళ్ళ కళ్ళకి కనబడనిస్తే కథ మారిపోయింది. కాబట్టి కలిసి కూర్చోబెడితే చాలు, చదువు దానంతటదే వచ్చేస్తుంది అని ఎవరైనా చెప్తే నమ్మకండి, నేను కూడా నమ్మి చెడ్డదాన్నే.

వస్తువే జవాబు చెప్పాలి అంటాను నేను. గోదావరి లంకలో సింగిల్ టీచర్ స్కూల్లో చేశాను కొన్నేళ్ళు, రోజూ పడవ దాటి వెళ్ళేదాన్ని. అక్కడ ఎండాకాలం మొదట్లో ముంజలు తినేసిన తాటికాయలతో పిల్లలు బండి చేసేవాళ్ళు. రెండు కాయల మధ్య ఒక పుల్ల గుచ్చి, ఆ పుల్ల మీద పంగలకర్ర ఆనించి తోసుకుంటూ పోతారు. మీరూ చేసే ఉంటారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురు చేస్తున్నారు, అయిదో తరగతివాడు, మూడో తరగతివాడు, రెండో తరగతి బుడ్డోడు. బండి తోస్తే ఎంతకీ తిన్నగా పోదు, ఎడమవైపుకి లాగేస్తోంది. అయిదో తరగతివాడు పంగ జరపాలి అన్నాడు, జరిపారు, అయినా ఎడమకే. పుల్ల వంకరగా ఉంది అని మూడోవాడు, పుల్ల మార్చారు, మళ్ళీ ఎడమకే. బుడ్డోడు మొదటినుంచీ "ఈ కాయ చిన్నదన్నా" అంటూనే ఉన్నాడు, వాడి మాట ఎవరు వింటారు? కానీ బండి వినదు కదా పెద్దవాడి మాట, గట్టు మీద మూడోసారి కూడా ఎడమ పక్క బోదెలోకి దిగింది. అప్పుడు పెద్దవాడు కాయలు రెండూ చేతిలోకి తీసుకుని, ఒకదాని పక్కన ఒకటి పెట్టి జానతో కొలిచాడు, ఎడమది చిన్నదే. "ఎందుకురా అటు పోతుంది మరి?" అని బుడ్డోణ్ణే అడిగాడు. వాడికి చెప్పడం చేతకాక, రెండు చేతులూ తిప్పుతూ "ఇది తిరిగితే కొంచెమే పోద్ది, ఇది తిరిగితే ఎక్కువ పోద్ది" అన్నాడు. రెండో తరగతి పిల్లాడండీ! చక్రం చుట్టుకొలతకీ నడిచే దూరానికీ సంబంధం అనేది హైస్కూల్లో నేర్పుతాం, అదీ సూత్రం రాసి, కింద గీత గీసి. వాడికి మాటలు దొరక్కపోయినా చేతులు దొరికాయి.

నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నానే గానీ బయటికి రాలేదు. వచ్చుంటే ముగ్గురూ బండి వదిలేసి చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు.

వేరువేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉండటాన్ని మనం శాపంలా చూస్తాం. టీచర్ల సంఖ్య తక్కువ అనేది ఇబ్బందే, కాదనను. కానీ మన రాష్ట్రంలోనే మదనపల్లె దగ్గర ఋషి వ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల కోసం దాన్నే పద్ధతిగా మార్చారు. పాఠాల కార్డులు, వాటి వరసని మెట్లుగా చూపించే నిచ్చెన బొమ్మ, ఎవరు ఏ మెట్టు దగ్గరున్నారో పిల్లలకే తెలుస్తుంది. ఒక గుంపుకి టీచరు కావాలి, ఒక గుంపుకి తోటి పిల్లలు సాయం చేస్తారు, ఒక గుంపు తనంతట తాను చేసుకుంటుంది.

అంగన్‌వాడీ టీచర్లు నా వైపు అదోలా చూస్తున్నారు, "మా పిల్లలు మూడేళ్ళవాళ్ళు తల్లీ, బొమ్మ లాక్కోవడం తప్ప ఇంకేం రాదు" అని. అది తప్పేం కాదు. మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే ఆవిడ 1932లోనే నర్సరీ పిల్లల ఆటల్ని చూసి రాసింది. రెండేళ్ళు, రెండున్నరేళ్ళ పిల్లలు ఎక్కువగా పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటారు, ఒకరి బొమ్మ ఒకరు చూస్తారు గానీ కలవరు. కలిసి ఒక పని పెట్టుకుని నువ్వు ఇది నేను అది అనుకోవడం నాలుగేళ్ళు దాటుతుండగా ఎక్కువవుతుంది. అలాగని ఒంటరిగా ఆడుకునే అయిదేళ్ళ పిల్లని చూసి బెంగపడకండి, పిల్లలు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు.

నాలుగేళ్ళ దగ్గర ఇంకో ముఖ్యమైన మలుపు ఉంది. విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు 1983లో చేసిన పరీక్షని మన ఇంటి సరుకుతో చెప్తాను. ఒక పిల్లాడు తాపేశ్వరం కాజా డబ్బాలో దాచి ఆడుకోవడానికి వెళ్ళాడు. వాడు లేనప్పుడు వాళ్ళమ్మ తీసి గూట్లో పెట్టింది. వాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లని అడగండి, చాలావరకు "గూట్లో" అంటుంది, తనకి తెలుసు కాబట్టి వాడికీ తెలుసనుకుంటుంది. నాలుగైదేళ్ళ పిల్ల "డబ్బాలో" అంటుంది. ఎదుటివాడి తలలో ఉన్నది నా తలలో ఉన్నది ఒకటి కాదు అని తెలిసినప్పుడే "నేను చెప్పింది వీడికి అర్థం కాలేదు, వేరేలా చెప్పాలి" అనేది పుడుతుంది. అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఉన్న ఇళ్ళలో పిల్లలకి ఇది కాస్త ముందే వస్తుందని పెర్నరే తర్వాత ఇంకొందరితో కలిసి చూశారు. ఇప్పుడు ఇంటికొక్కరు, ఆ ఒక్కరి చేతిలో ఫోను. ఫోను వాదించదు కదండీ. అందుకే మీ సెంటరు విలువ పెరిగింది అంటాను నేను, గుడ్డు, పాల కోసం మాత్రమే పంపడం లేదు మీ దగ్గరికి.

(సభలో ఒక తల్లి: మావాడు క్లాసులో ఫస్టండీ. పక్కవాళ్ళకి చెప్తూ కూర్చుంటే వాడి చదువు ఏమైపోవాలి?)

మంచి ప్రశ్న అడిగావమ్మా, మొహమాటపడకుండా అడిగావు. నోరీన్ వెబ్ అనే ఆవిడ చిన్న గ్రూపుల్లో పిల్లల మాటల్ని చాలా ఏళ్ళు గమనించింది. జవాబు మాత్రం చెప్పేసే పిల్లాడికి ఏం ఒరగదు, తీసుకున్నవాడికి అసలే ఒరగదు. ఎలా వచ్చిందో విడమరిచి చెప్పినవాడికి లాభం బాగా ఉంటుంది. మీవాడు పక్కవాడికి "అది 25 రా, రాసెయ్" అంటుంటే ఆపెయ్యి, నీ భయం నిజమే. "చూడు, రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని పదుల ఇంట్లోంచి అప్పు తెచ్చుకుందాం" అని చింతగింజలు పరిచి చూపిస్తుంటే, వాడు తన లెక్క తాను రెండోసారి నేర్చుకుంటున్నాడు. మన టీచర్లందరికీ ఇది అనుభవమే కదా, అయిదో తరగతి భిన్నాలు నాకు నిజంగా అర్థమైంది నేను చెప్పడం మొదలుపెట్టాకే, ఈ మాట ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. (నవ్వులు)

(ఒక టీచరు: మాట్లాడుకోండి అంటే గోల చేస్తారు మేడమ్. సిలబస్ టైముకి అవ్వదు.)

గోల అవుతుందండీ, అవ్వదని నేను చెప్పను. ఏ గోల అనేది వినాలి. నీల్ మెర్సర్ అని ఇంగ్లాండులో ఒకాయన పిల్లల మాటల్ని మూడు రకాలుగా చూశారు. ఒకటి మనకి బాగా తెలిసిందే, "అవును, కాదు, అవును, కాదు, పో". రెండోది అంతకంటే ప్రమాదం, ఎందుకంటే చాలా బుద్ధిగా కనబడుతుంది, "సరే, సరే, అలాగే రాసెయ్". 35 అని దించేసిన ఆ ఆరు పలకలు ఈ రకమే. మూడో రకంలో "ఎందుకలాగ?" "ఎందుకంటే..." వినబడతాయి. నేను చివరి ఏళ్ళలో ఒక్కటే నియమం పెట్టాను, అవును అన్నా కాదు అన్నా వెంటనే ఎందుకంటే అనాలి. మొదటి వారం "ఎందుకంటే నాకిష్టం" అన్నారు. రెండో వారం కూడా అదే అన్నారు. నెల తిరిగాక నాకు వినబడింది, ఒక పిల్ల "నువ్వు ఎందుకంటే చెప్పలేదు, చెల్లదు" అని పక్కవాణ్ణి నిలదీస్తోంది.

సిలబస్ సంగతికొస్తే, ఇందులో ఒక చిక్కుంది. స్కాట్లండ్‌లో క్రిస్టీన్ హౌ వాళ్ళు బొమ్మకార్లని వాలు మీద వదిలి ఎంత దూరం పోతాయో పిల్లల చేత వాదింపజేశారు. గ్రూపులో ఉన్నంతసేపూ పెద్దగా ఏమీ నేర్చుకున్నట్టు కనబడలేదు, వారాల తర్వాత విడిగా అడిగితే, వేరువేరు అభిప్రాయాలున్న గ్రూపుల్లో కూర్చున్న పిల్లలు బాగా ముందుకెళ్ళారు. పాఠం అయిన మర్నాడే స్లిప్ టెస్టు పెట్టి, గ్రూపుల వల్ల ఏం లాభం లేదని తేల్చేస్తే ఎలా? వరి నాటిన మర్నాడు కంకి చూడటానికి వెళ్తామా?

జట్టు పెద్దదైతే మాత్రం దాక్కునేవాడికి చోటు దొరుకుతుంది, నా ఆరుగురి గ్రూపుల్లో ముగ్గురు ఎప్పుడూ దాక్కునేవాళ్ళే. చిన్నపిల్లలకి ఇద్దరే మంచిది. ఇద్దరికీ ఒకే పలక, ఒకే బలపం ఇవ్వండి, ఎవరి పలక వాళ్ళకిస్తే పక్కపక్కన కూర్చున్న ఒంటరివాళ్ళే అవుతారు. మరీ సిగ్గుపడే పిల్లని మరీ గట్టి నోరున్నవాడి పక్కన వేయకండి. ఆ తర్వాత మీరు చేయాల్సింది ఊరుకోవడం, అది అన్నిటికంటే కష్టం, కానీ గదిలోంచి వెళ్ళిపోకూడదు. ఇద్దరూ ఇరుక్కుపోతే జవాబు చెప్పకుండా, "వాడేం అన్నాడో నువ్వు చెప్పు" అని అడిగి మళ్ళీ పక్కకి జరగండి.

అంగన్‌వాడీలో రేపే చేయగలిగింది ఒకటి చెప్పి దిగిపోతాను, టీ వచ్చినట్టుంది. మధ్యాహ్నం పడుకుని లేచాక దుప్పట్లు ఆయానో మీరో మడతపెడతారు కదా. ఒక దుప్పటి ఇద్దరు పిల్లలకివ్వండి. చెరో రెండు మూలలూ పట్టుకుని ఎదురెదురుగా నిలబడతారు, నా కుడి నీకు ఎడమ అనేది అక్కడ నిజంగా తగులుతుంది. మొదటిరోజు ఇద్దరూ ఒకే పక్కకి తిప్పి దాన్ని తాడులా మెలిపెడతారు. ఒకడు లాగుతాడు, ఇంకొకడు కూలబడతాడు, నవ్వుతారు, కొట్టుకుంటారు. "ఆగు, నువ్వు రా, నేను ఆగుతా" అనే మాట వచ్చేదాకా చేతులు పెట్టకండి. పది రోజులు పట్టొచ్చు. ఈలోగా సూపర్‌వైజర్ గారొచ్చి దుప్పట్లన్నీ ఉండలుగా ఉన్నాయేమిటి అని అడిగితే, ఫలానా పెద్దావిడ చేయమంది అని నా పేరు చెప్పేయండి, నాకు ఇప్పుడు మెమో ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు.